కూల్డ్రే దొర చెవుడు, ఆయన చిత్రకళ



రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు పేరు విననివారు అరుదు. ఆయన చేతిలోని విద్యను ముందుగా గుర్తించి ప్రోత్సహించిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర పేరు మాత్రము కొందరే ఎరుగుదురు. ఆ దొర ఈ సీమను ఏల విడిచిపోవలసి వచ్చెనో ఎరిగినవారు మరింత తక్కువ.

కూల్డ్రే 1882లో జన్మించెను. ఇంగ్లండులో థేమ్సు నది ఒడ్డున గల ఆబింగ్డన్ ఆయన ఊరు. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండెను. పాఠము చెప్పుట ఆయనకు ఉద్యోగము. బొమ్మ వేయుట, కవిత్వము వ్రాయుట ప్రాణము. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. రామారావు 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరుటకు ఆయన ప్రోద్బలమే కారణము.

ఇట్టివానికి వినికిడి తగ్గసాగెను. చెవుడు జ్వరము వంటిది కాదు; వచ్చి, పోవునది కాదు. తరగతిలో వెనుక వరుస విద్యార్థి అడిగిన ప్రశ్న అందని ఉపాధ్యాయుని స్థితి యెట్టిదో ఊహింపుడు! నలువది యేండ్లయినను నిండకమునుపే ఆయన కొలువు వదలుకొని స్వదేశమునకు మరలెను. చెవుడు ఉపాధ్యాయుని ఓడించినదనుటలో సందేహము లేదు. చిత్రకారుని మాత్రము ఓడింపలేకపోయినది. నీటిరంగుల పెట్టెకు, కుంచెకు, కాగితమునకు చెవితో పనిలేదుగదా! ఆయన బొమ్మలు వేయుట మానలేదు. గోదావరి సీమను తలచుకొని ‘సౌత్ ఇండియన్ అవర్స్’ అను గ్రంథమును 1924లో వెలువరించెను. వినలేనివాడు చూచినదానిని నిలుపుకొనెను.

అయితే అన్ని జబ్బులును చిత్రకారుని చేతిని ఇట్లు విడిచిపెట్టవు. ఫ్రాన్సు దేశపు రెన్వార్‌ను కీళ్లవాతము పట్టి వ్రేళ్లు వంకరలు తిరిగినవి. కుంచెను చేతికి కట్టించుకొనెనని లోకము చెప్పుకొనును గాని, ఆ కట్లు చర్మము ఒరసికొనకుండుటకు వేసినవి. కుంచెను ఇతరులు చేతిలో ఉంచెడివారు. ఆయన 1919లో, కూల్డ్రే కొలువు విడిచిన యేడే, మరణించెను. ఆ దేశపువాడే యగు మతీస్ 1941లో పెద్ద శస్త్రచికిత్స పిమ్మట నిలువలేక, మంచముపైనుండియు చక్రాల కుర్చీలోనుండియు రంగు పూసిన కాగితములను కత్తెరతో కత్తిరించి బొమ్మలు కూర్చెను. జబ్బు పనిని ఆపలేదు, పనిముట్టును మార్చినది. ఇది మన ఊళ్లలో మంచము పట్టినవారి ఇండ్లవారు గమనింపదగిన సంగతి. రోగికి మందు, పథ్యము ఇచ్చి ఊరకుండక, చేయి ఆడినంతమేర ఒక పెన్సిలును, కాగితమును గూడ ఇచ్చి చూడవలెను. నొప్పి దానితో పోవునని ఎవరును నమ్మబలుకరాదు. పోదు. పగలు మాత్రము కొంత తేలికగా గడచును.

రామారావు సంగతి వేరు. 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాల స్థాపించిన ఆయనను, 1925లో మశూచి కొన్ని దినములలోనే కొనిపోయినది. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. వరదా వెంకటరత్నము ఆ పాఠశాల భారమును వహించెను. తీరని చెవుడుతో సీమ దాటిన గురువు, శిష్యుని తరువాత ముప్పదిమూడేండ్లు జీవించి, 1958లో కన్నుమూసెను. శిష్యుని చిత్రములు రాజమహేంద్రవరమున దామెర్ల చిత్రశాలలో నున్నవి.