మూలమూ టీకా



పాటకూ నాట్యానికీ మధ్య మాకు కాస్త సమయం ఇచ్చారు. కంప్యూటరు గురించి మాట్లాడతామంటే కార్యదర్శిగారు కొంచెం వెనకాడి, "అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి" అన్నారు. అందుచేత వంటింట్లో మొదలుపెడుతున్నాము.

మాలో ఒకరి ఇంట్లో ఫిజీ నుంచి తెచ్చుకున్న వంట పుస్తకం ఒకటి ఉంది. నాయనమ్మగారు చెబుతూ ఉంటే కోడలు రాసుకున్నది. ఆవకాయ దగ్గర కాయలు లెక్కనా, ఉప్పూ కారమూ ఆవపిండీ సోల లెక్కనా రాసి ఉన్నాయి. ఆ ఇత్తడి సోల లౌతోకాలోనే ఎక్కడో పోయింది. దాని స్థానంలోకి ఒక పెద్ద టీ కప్పు వచ్చింది. ఇంట్లో అందరూ ఆ కప్పునే సోల అనడం మొదలుపెట్టారు. పుస్తకంలో మాట మాత్రం మారలేదు. నాయనమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ చేతికి లెక్క తెలుసు గనుక ఇబ్బంది రాలేదు. ఆవిడ పోయిన తరువాత ఆక్లండులో మనవరాలు పుస్తకం చూచి అక్షరాలా అలాగే కలిపింది. ఆ యేటి ఆవకాయ ఉప్పు కషాయం. తప్పు పిల్లది కాదు గదా!

కంప్యూటరు పనిలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. కంప్యూటరుకు పని చెప్పే ప్రతి భాషతోపాటూ ముందే తయారుచేసిన పనిముట్ల పెట్టె ఒకటి వస్తుంది. దాన్ని స్టాండర్డ్ లైబ్రరీ అంటారు. సరాసరి తీసేది ఒకటి, వరుసగా పేర్చేది ఒకటి, పటం గీసేది ఒకటి, ఇలా. ప్రతి పనిముట్టుకూ ఒక వివరణ ఉండాలి. దానికి మనం ఏమి ఇవ్వాలి, అది మనకు ఏమి ఇస్తుంది, మనం ఏమీ చెప్పకపోతే తనంతట తాను ఏమనుకుంటుంది, ఇవన్నీ అందులో రాస్తారు. జావా వంటి భాషల్లో ఈ వివరణను ప్రోగ్రాము వరుసల మధ్యనే వ్యాఖ్యగా రాస్తారు. కొన్ని భాషల్లో విడి కాగితంగా పెడతారు. మన పాత పుస్తకాల్లో పద్యం కింద టీకా తాత్పర్యం వేసేవారు చూడండి, అదే ఇది. అయితే యంత్రం మూలాన్ని మాత్రమే చదువుతుంది. టీకను దాటిపోతుంది. టీకలో అబద్ధం ఉన్నా యంత్రం ఆగదు, అరవదు. నమ్మి చదివినవాడే పడతాడు.

అలా పడినది మా పిల్లే. మాలో ఒకరి కూతురు చదువు ముగించి ఈ ఊళ్ళోనే ఒక కార్యాలయంలో చేరింది. అక్కడి వారు తమ అవసరాలకు సొంతంగా రాసుకున్న పనిముట్లు కొన్ని ఉన్నాయి. సరాసరి తీసే ఒకదాని పైన, "ఖాళీ గళ్ళను వదిలి లెక్కిస్తుంది" అని వ్యాఖ్య ఉంది. ఎవరో, ఎప్పుడో, ఖాళీని సున్నాగా లెక్కించేట్టు మూలాన్ని మార్చారు. వ్యాఖ్యను ముట్టుకోలేదు. మా పిల్ల వ్యాఖ్యను నమ్మి రెండు నెలలు నివేదికలు పంపింది. అంకెలన్నీ తగ్గి వచ్చాయి. పై అధికారి పిలిచి అడిగితే వ్యాఖ్య చూపించింది. "దాన్ని ఎవరు చదవమన్నారు? ప్రోగ్రాము చదవాలి గాని" అన్నారట. ఆ రాత్రి ఉద్యోగం మానేస్తానని ఏడ్చింది. చదవడానికి కాకపోతే అది రాయడం ఎందుకని మేము అడుగుతున్నాము.

అప్పటినుంచి శనివారం సాయంకాలాలు నలుగురం కూర్చుని, వివరణలను శుభ్రంగా ఎలా ఉంచాలో నేర్చుకోవడం మొదలుపెట్టాము. ఆ కార్యాలయం వారు వాడేది ఆర్ అనే భాష. నేర్చుకోవడానికి దాని స్టాండర్డ్ లైబ్రరీనే పాఠ్యపుస్తకంగా పెట్టుకున్నాము.

ఈ ఆర్ పుట్టినది మన ఊళ్ళోనేనని ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసో! ఆక్లండు విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు 1990ల ఆరంభంలో దీన్ని మొదలుపెట్టారు. ఇహాకా గారు మావోరీ వంశీయులు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరమే భాషకు పేరైంది. అమెరికాలో బెల్ సంస్థవారు చేసిన ఎస్ అనే భాషకు ఇది తోబుట్టువు వంటిదని అందులో ఒక చమత్కారం కూడా ఉంది. 1993లో నలుగురికీ తెలియజేశారు. 1995లో ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకొనే లైసెన్సు కిందికి తెచ్చారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 సంచిక వెలువడింది. ఈనాడు లోకమంతటా గణాంకశాస్త్రం చదివేవారు దీన్ని వాడుతున్నారు.

దీని వివరణ పత్రాలకు ఒక కట్టుదిట్టం ఉంది. పనిముట్టు పత్రంలో సాధారణంగా వాడుక, ఇవ్వవలసినవి, ఫలితం, ఉదాహరణలు అనే భాగాలు ఉంటాయి. తనిఖీ చేసే సాధనం ఒకటి భాషతోపాటే వస్తుంది. పత్రంలో రాసిన పేర్లూ మూలంలోని పేర్లూ ఒకటేనా కాదా అని పోల్చుతుంది. టీక లేకుండా బయటికి వచ్చిన పనిముట్టు ఏదైనా ఉంటే పట్టిస్తుంది. ఉదాహరణలను నిజంగా నడిపించి చూస్తుంది. నడవకపోతే ఒప్పుకోదు. మా నాయనమ్మగారి పుస్తకానికి ఇటువంటి తనిఖీ ఉంటే సోల మారిన నాడే దొరికిపోయేది!

మూలం మారిన నాడు టీక కూడా మారాలి అన్నదానికి మంచి ఉదాహరణ 2020 ఏప్రిల్ 24న వచ్చిన 4.0.0 సంచిక. అంతవరకూ పట్టికలో మాటలున్న నిలువు వరుసను ఈ భాష అడగకుండానే "వర్గాలు"గా మార్చేసేది. ఆ సంచికతో ఆ అలవాటు మానుకుంది. మారినది ఒక్క మాటే, "అవును" అన్నచోట "కాదు". కాని ఆ అలవాటు మీద ఆధారపడిన వివరణలనూ ఉదాహరణలనూ చూచి దిద్దవలసి వచ్చింది. అంతకు ముందు అచ్చయిన పుస్తకాలు మాత్రం ఇంకా పాత సంగతే చెబుతున్నాయి. గ్రంథాలయంలో తీసుకునేటప్పుడు ముద్రణ సంవత్సరం చూచుకోండి.

ఇక యంత్రం పట్టుకోలేనిది ఒకటి చెబుతాము. ఇది మన ఫిజీ సంగతే గనుక కొంచెం నిలిచి చెబుతాము. ఆ లైబ్రరీలో అభ్యాసానికని కొన్ని పట్టికలు పెట్టారు. వాటిలో ఒకటి ఫిజీ దగ్గర 1964 నుంచి వచ్చిన వెయ్యి భూకంపాల పట్టిక. అక్షాంశం, రేఖాంశం, లోతు, తీవ్రత, కనిపెట్టిన కేంద్రాల సంఖ్య, ఈ ఐదూ ఉంటాయి. మాలో పెద్దవారు ఇది చూచి "ఇందులో ఒకటి మా మంచాన్ని కూడా ఊపి ఉంటుంది" అన్నారు. మేము చదివినప్పుడు వివరణలో తీవ్రత 4.0 కంటే ఎక్కువ ఉన్నవి అని ఉంది. పట్టిక తెరిచి చూస్తే సరిగ్గా 4.0 అన్నవి కూడా ఉన్నాయి! పేర్లన్నీ సరిపోతాయి, ఉదాహరణలు నడుస్తాయి. తనిఖీ సాధనం తృప్తిపడుతుంది. అర్థం చదివేది మనిషే.

"దిద్దేద్దాం" అన్నాడు మాలో చిన్నవాడు. ఆగమన్నాము. ఆ పట్టిక హార్వర్డ్ విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చింది. ఐదువేల భూకంపాలున్న పెద్ద పట్టికలోంచి తీసిన భాగం. అసలు అంకె 4.04 ఉండి, ఒక్క దశాంశానికి కుదించినప్పుడు 4.0 అయిందేమో. అప్పుడు టీక నిజమే, పట్టికా నిజమే. పెద్ద పట్టిక చూడకుండా కలం పెట్టడం తప్పు. మా పిల్ల కార్యాలయంలో టీక పాతది, మూలం కొత్తది. మరొకచోట టీకే రాసినవాడి ఉద్దేశం కావచ్చు, మూలమే దారి తప్పి ఉండవచ్చు. రెండూ కలవనప్పుడు ఏది తప్పో ముందు తేల్చుకోవాలి. కడపలో సి.పి. బ్రౌన్ దొర పండితులను పెట్టుకొని తాళపత్ర ప్రతులు పోగుచేయించి, ప్రతికి ప్రతి పోల్పించిన తరువాతనే 1829లో వేమన పద్యాలు అచ్చుకు ఇచ్చాడు. ఒకే ప్రతి పట్టుకొని తోచినట్టు దిద్దలేదు.

అదే లైబ్రరీలో మన మౌంట్ ఈడెన్ కూడా ఉంది, మౌంగాఫౌ. పది మీటర్లకొక గడి చొప్పున 87 అడ్డవరుసలు, 61 నిలువు వరుసలు. ఇహాకా గారు పటం చూచి ఎక్కించిన అంకెలు. దాని వివరణ చివర, ఈ అంకెలను కచ్చితమైనవిగా ఎంచవద్దు అన్న హెచ్చరిక ఉంది. ఇన్ని పత్రాలు తిరగేస్తే మాకు అన్నిటికన్నా నచ్చినది ఆ ఒక్క మాటే. తన పనిని గురించి అంత మాట రాయగలిగినవారు అరుదు.

మా పిల్ల ఉద్యోగం మానలేదు. అనుమతి తీసుకొని ఆ కార్యాలయపు వ్యాఖ్యలన్నీ చూస్తున్నది. పక్క పనిముట్టు నుంచి కాపీ చేసి మార్చడం మరిచినవి దొరికాయి. "ఇది తాత్కాలికం" అని రాసి ఏళ్ళు గడిచినవి దొరికాయి. "ఒకటి కూడుతుంది" అని, కూడడం కళ్ళెదుట కనిపించేచోట రాసినవీ ఉన్నాయి. అవి కొట్టేస్తే నష్టం లేదు. ఆ సరాసరి దగ్గర మాత్రం సున్నా సంగతి రాసి, ఎందుకు అలా మార్చారో పాతవారిని అడిగి, కారణం కూడా చేర్చింది. మార్చినాయన ఆ పక్క గదిలోనే ఉన్నాడట!

ఈ పని పట్ల మాకు ఇంత పట్టుదల ఎందుకో పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1903 నుంచి 1916 వరకు మద్రాసులో ఓడ ఎక్కిన మనవాళ్ళ పాసుల మీద ఊరు, తాలూకా, జిల్లా గుమాస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ ఒక్క వరుస పట్టుకొని విశాఖపట్నం జిల్లా అంతా తిరిగి, ఊరు దొరక్క తిరిగి వచ్చినవారు ఈ సభలో ఉన్నారు.

శనివారం సాయంకాలం కూర్చునేది మాలో ఒకరి ఇంట్లోనే. కంప్యూటరు రాని వారూ రావచ్చు. చదివి "ఇది నాకు అర్థం కాలేదు" అని చెప్పేవారు కావాలి మాకు. పాసు నకళ్ళు ఉన్నవారు అవి కూడా తీసుకురండి, పక్కపక్కన పెట్టి చూద్దాము. నాట్యం పిల్లలు గజ్జెలు కట్టుకొని తెర వెనక నిలుచున్నారు. సెలవు.