భాషల వెనుక నిర్ణయాలు

షామీర్‌పేట దారిలో, జవహర్‌నగర్ దగ్గర 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’ అనే పాఠం ఉంది. మేడ్చల్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకూ ఈ పేరు కొత్త కాదు. దీన్ని నాలుగైదు భాషల పరిచయంతో ముగించకూడదు. ప్రతి భాష వెనుకా ఎవరో కొన్ని నిర్ణయాలు తీసుకున్నారు. ఆ నిర్ణయాలను, వాటి పర్యవసానాలను విచారించే పాఠంగా దీన్ని చెప్పాలని నా వాదన.

ఒక్క నిర్ణయాన్ని చూడండి. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం రెఫరెన్సుల (విలువ ఉన్న చోటును సూచించే గుర్తుల) వ్యవస్థను రూపొందిస్తూ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ దేన్నీ సూచించని ‘నల్’ విలువకు చోటిచ్చారు. అమలు చేయడం సులువు కావడమే కారణం. 2009లో ఆయనే దాన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నారు. తర్వాతి కాలంలో సీ, జావా వంటి భాషల్లోనూ నల్ ఉండటంతో, లేని విలువను ఉందనుకుని వాడిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని కుప్పకూలాయి. ఎంఎల్ కుటుంబపు భాషలు, 2015లో 1.0 వెర్షన్ వచ్చిన రస్ట్ మాత్రం, విలువ లేకపోవచ్చన్న సంగతిని టైపులోనే చెప్పిస్తాయి. ఆ సందర్భాన్ని పట్టించుకోకుండా విలువను నేరుగా వాడబోతే కంపైలర్ ముందుకు పోనివ్వదు. జాగ్రత్త భారం మనిషి మీద ఉండాలా, భాష మీద ఉండాలా అన్న ప్రశ్నను ఈ చరిత్ర విద్యార్థి ముందు నిలబెడుతుంది. ‘నల్ అంటే ఏమిటి?’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు ఆ శక్తి లేదు.

ఇలాంటి ఆలోచనకు తెలుగు పిల్లవాడి దగ్గర ముడిసరుకు ముందే ఉంది. ‘రవి లతకు పుస్తకం ఇచ్చాడు’ అన్నా, ‘పుస్తకం లతకు రవి ఇచ్చాడు’ అన్నా ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో విభక్తి, క్రియ కలిసి తేల్చేస్తాయి. సీ భాషలో ఫంక్షన్‌కు పంపే విలువలకు స్థానమే గుర్తు. ఒకే టైపు విలువలు రెండు తారుమారైనా కంపైలర్ నోరు మెదపదు. పైథాన్‌లో పేరు పెట్టి పంపితే వరుసతో పని లేదు. ఈ తేడాను మన వాక్యంతో మొదలుపెట్టి చెప్పవచ్చు.

ఉద్యోగానికి ఇవన్నీ ఎందుకు, మార్కెట్ అడిగే భాష నేర్పితే చాలదా అంటారు. దానికి ఒక ఉదాహరణే జవాబు. 1930లలో గణితవేత్త అలోంజో చర్చ్, ఫంక్షన్లతోనే గణనను వర్ణించే లాంబ్డా కాలిక్యులస్‌ను నిర్మించారు. 1958లో మొదలైన లిస్ప్ భాష అందులోంచి లాంబ్డాను, అంటే పేరు లేని ఫంక్షన్ రాసే పద్ధతిని తీసుకుంది. జావాకు అది 2014లో, ఎనిమిదో వెర్షన్‌తో చేరింది. ఈ భావం ముందే తెలిసినవారికి ఆ మార్పు ఒకపూట పని; మిగతావారు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మార్కెట్‌నే కొలతగా పెట్టుకున్నా సిద్ధాంతం చదివినవాడే ముందున్నాడు. కోడ్ ఇప్పుడు యంత్రమే రాస్తోంది కదా అన్నది మరో అభ్యంతరం. యంత్రం రాసినదాన్ని చదివి తప్పొప్పులు తేల్చవలసింది మనిషే. ఒక పేరు ఏ పరిధిలో చెల్లుతుందో, ఒక విలువ ఎప్పుడు మారుతుందో తెలియనివాడు ఆ తీర్పు ఇవ్వలేడు.

అందుకే ఈ ప్రాంతపు అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రశ్నపత్రంలో కనీసం ఒక ప్రశ్న ఇలా ఉంచండి: ఒక భాషలోని ఒక నియమాన్ని మార్చి, ఏ ప్రోగ్రాములు చెడతాయో, ఏవి బాగుపడతాయో కారణాలతో రాయమనండి. జవాబు తెలుగులో రాసినా దిద్ది మార్కులు వేయండి.