యంత్రవేగమునకు మర్యాద



కారు ఇంజను ఎంత వడిగా తిరుగవచ్చునో నిర్ణయించి, నిర్మాతలు దానికొక హద్దు నేర్పఱతురు. ఆ హద్దును పెంచుకొనుట మేలా, కీడా యనునది నేటి విషయము. మన పిల్లలు కొందఱు కార్లకు మార్పులు చేయించి, ఈ హద్దును గూడ జరిపించుచున్నారు. సొమ్మిచ్చువారు తఱచుగా పెద్దలే గనుక సంగతి మీకు దెలిసియుండుట మంచిది.

ఇచ్చట వేగమనగా బండి పరుగు గాదు. ఇంజనులోని క్రాంకు షాఫ్టు నిమిషమునకు తిరుగు చుట్లు. పొలములోని ఆయిలు ఇంజనునకు గవర్నరుండును గదా. చుట్లు మితిమీఱబోవునప్పుడు అది డీజిలును తగ్గించును. కారులో ఆ కాపలా పని చిన్న కంప్యూటరుది. ఏర్పఱచిన సంఖ్య దాటగానే అది పెట్రోలునో, నిప్పురవ్వనో క్షణకాలమాపును. ఆ సంఖ్యను మార్చుట సులభము. దాని ఫలమును మోయుటయే కష్టము.

పిస్టనును మన పాఠ్యపుస్తకములు ముషలకమనినవి. ముషలమనగా రోకలి, పేరు సార్థకము. నెమ్మదిగా దంచునప్పుడు రోకలి తన బరువుతోనే దిగును. వడిగా దంచవలెనన్న, పైకి బోవుచున్న రోకలిని బలిమితో నిలిపి క్రిందికి లాగవలెను. భుజములు నొచ్చుట అందువలననే. 6000 చుట్ల వేగమున పిస్టను సెకండునకు 100 మారులు పైకి బోయి దిగును. ప్రతి మలుపునను దానిని పట్టి లాగునది కనెక్టింగు రాడ్డను ఉక్కు కడ్డీ.

ఆ కడ్డీపై బడు లాగుడు చుట్ల వర్గమును బట్టి పెరుగును. బడిలో వర్గముల లెక్కలు చెప్పుచు కాలము గడపినవాడను గనుక ఈ సంగతి నన్ను మిక్కిలి ఆకర్షించినది. 6000ను 6600 చేసినచో వేగము నూటికి 10 పెరుగును. లాగుడు 21 పెరుగును. 7200 చేసినచో వేగము 20, లాగుడు 44. ఈ లెక్కతో బేరమాడుటకు వీలులేదు.

రెండవ చిక్కు కవాటములది. వీనిని క్యాము తెఱచును, స్ప్రింగు మూయును. చుట్లు మిక్కిలి హెచ్చినచో స్ప్రింగు వేళకు మూయజాలదు. అప్పుడు పైకివచ్చు పిస్టను తెఱచియున్న కవాటమును గ్రుద్దవచ్చును.

జపానులోని హోండావారు 1999లో ఎస్ 2000 అను కారును వెలువరించిరి. దాని 2 లీటర్ల ఇంజను 9000 చుట్ల వఱకు తిరిగెడిది. అమెరికాలో అమ్మిన 2004 నమూనాలో పిస్టను నడకను 84 మిల్లీమీటర్లనుండి 90.7 మిల్లీమీటర్లకు పెంచి, హద్దును 8000 ప్రాంతమునకు తగ్గించిరి. నడక పెరిగినప్పుడు అన్నియే చుట్లకు పిస్టను మఱింత వడిగా బోవలసియుండును. 9000 చుట్లు సాధించిన నేర్పరులే హద్దును దింపుకొనిరన్న సంగతి గమనింపదగినది.

అట్లని హద్దు నెన్నడును పెంచరాదని కాదు. పందెపు కార్లవారు పెంచుచున్నారు. వారు గట్టి స్ప్రింగులు, బలమైన కడ్డీలు, తగిన చమురు సరఫరా ముందు సమకూర్చి, పిదప సంఖ్యను మార్తురు. హెచ్చు చుట్లలోను గాలి చాలినంత లోనికి బోవునట్లు క్యామును గూడ మార్తురు. సామాన్యపు ఇంజనులో హద్దు రాకముందే శక్తి తగ్గనారంభించును. అట్టిదానిని ఇంకను త్రిప్పినచో హెచ్చునది చప్పుడే.

ఇంకొక మాట. పెట్రోలాపుట యను కాపలా అన్ని వేళల కాపాడదు. వడిగా బోవుచు పొరపాటున చిన్న గేరు వేసినచో చక్రములే ఇంజనును త్రిప్పును, పెట్రోలాపినను ప్రయోజనముండదు. హద్దునకును విఱుగుడునకును నడుమనున్న యెడమే అప్పుడు దిక్కు. సంఖ్యను పెంచువాడు ఆ యెడమును తినివేయుచున్నాడు.

మర్యాద యను మాటకు సంస్కృతమున ఎల్ల యని యర్థము. మన్నన యను అర్థము పిమ్మట వచ్చినది. మీ మనుమడు సొమ్మడిగినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు: శక్తి ఏ చుట్లవద్ద తగ్గుచున్నది? స్ప్రింగులును కడ్డీలును మార్చితివా? చమురు చాలునా? ఉత్తరము రానిచో సొమ్మీయకుడు. కడ్డీ తెగినచో ఇంజను గోడ పగిలి, మరుగు చమురు దారిపై బడును. నష్టము కారుతో ఆగదు. వెనుక వచ్చు బాటసారికి గూడ ముప్పు.