బొగ్గా, అణువా? ముందు పట్టా!



కొత్త కరెంటు బొగ్గుతోనా, అణువుతోనా అని పెద్దోళ్లు వాదిస్తా ఉండారు. పొగ రాదు కాబట్టి అణువే మేలంటారు. రెండిటికీ నేల తవ్వాల్సిందే. కృష్ణపట్నంలో బొగ్గు కాల్చినాక మిగిలేది బూడిద. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీసినాక మిగిలేది వ్యర్థాల చెరువు. దానివల్ల బోరు నీళ్లు చెడినాయని రైతులు మొత్తుకుంటానే ఉండారు.

నల్లమలలో చెంచులు అడ్డం నిలబడినారు. 2019లో తెలంగాణ అసెంబ్లీయే యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

మన తిరుపతి, చిత్తూరు యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఐదో షెడ్యూలు బయట ఉండారు. పెసా లేదు, 1/70 లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం మనకూ వర్తిస్తుంది. అడివి మీద బతికే ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించి, క్లెయిములు వేయండి. బొగ్గయినా, అణువయినా, వాళ్ల ఫైలు కదిలేలోపు మన పట్టా మన చేతిలో ఉండాల!