ఇంటి అప్పులో మొదటి ఖర్చు మిద్దె మీద పెడదాం



ఇంటి కోసం మనం తీసుకుంటున్న అప్పులు ఎక్కడ ఖర్చవుతున్నాయో అందరం చూస్తున్నాం. ముందరి గోడకు రంగులు, లోపల టైల్సు, వాకిలికి గ్రిల్లు. పైన స్లాబు మాత్రం నల్లగా అట్లనే ఉంటుంది. ఎండాకాలం మనల్ని ఉడకబెట్టేది ఆ స్లాబే.

మన పక్క ఏప్రిల్‌లోనే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా ఆ ఎండను తాగి, పొద్దు గూకినాక ఇంట్లోకి దించుతుంది. అందుకే బయట గాలి చల్లబడినా లోపల రాత్రి పది దాకా పొయ్యి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. రేకుల ఇల్లయితే పొద్దెక్కగానే కాలుతుంది. ఆ టైములో ఇంట్లో ఉండేది ఎవరు? పసిపిల్లలు, బాలింతలు, ముసలోళ్లు. ఫ్యాను ఉంది కదా అంటారు. 40 దాటినాక ఫ్యాను తిప్పేది వేడిగాలినే.

మన పెద్దోళ్ల మట్టిమిద్దెలు గుర్తు చేసుకోండి. గోడలు ఒకటిన్నర, రెండు అడుగుల మందం. మీద దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, పైన మందంగా చవుడు వేసేవాళ్లు. అంత మందం దాటి వేడి లోపలికి దిగేసరికి పొద్దు గూకేది. నడిమింట్లో గవాక్షి ఉండేది. వెలుతురు అందులోంచి దిగేది, పొగా వేడిగాలీ అందులోంచే పైకి పోయేవి. వాన వస్తే పైన బండ మూసేవాళ్లు. ఆ ఇళ్లు చీకటి అని ఇప్పుడు పేరు పెడతాం గానీ, ఎండ లోపలికి రాకపోవడం వల్లే ఆ చల్లదనం.

అట్లని మళ్లీ మట్టిమిద్దెలు కట్టుకుందామని చెప్పడం లేదు. ఏటా వానలకు ముందు చవుడు తోలుకోవాలి. కారితే గిన్నెలు పెట్టుకోవాలి. తేళ్లు సరేసరి. ఆ చాకిరీలో ఎక్కువ ఆడోళ్లదే.

ఎమ్మిగనూరు అక్కలకు ఇంకో నష్టం ఉంది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. గుంత మగ్గం గుంతలో నేల చల్లదనం, తేమ ఉంటాయి, అందుకే నూలు సాగుతుంది. రేకుల కింద గాలి ఎండిపోతే పోగులు తెగుతూనే ఉంటాయి. అతుక్కుంటూ కూర్చుంటే పొద్దు పోతుంది, కూలి పడదు. కాబట్టి ఇది సుఖం కోసం చెప్పే మాట కాదు, సంపాదన మాట.

మలేషియా పల్లెల్లో పాత ఇళ్లను చెక్క స్తంభాల మీద ఎత్తుగా కడతారు. నేల కింద గాలి ఆడుతుంది, కిటికీలు పెద్దవి, చూర్లు పొడుగ్గా ఉంటాయి. అక్కడ వాన ఎక్కువ, చెమట ఆరని ఉక్క. పగలూ రాత్రీ గాలి ఆడితేనే బతుకుతారు. మనది పొడి ఎండ. మనం మధ్యాహ్నం కిటికీ తెరిస్తే వడగాలి ఇంట్లోకి వస్తుంది. పొద్దున తొమ్మిది లోపల మూసేసి, రాత్రికి అన్నీ తెరవాలి. చూరు మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. పడమటి గోడకు చిన్న పంచ దించినా, గోనెపట్ట తడిపి కట్టినా తేడా తెలుస్తుంది. గోనెపట్టలకు ఆదోనిలో కరువా?

అన్నిటికన్నా తక్కువ ఖర్చుది సున్నం. శుభ్రమైన తెల్ల కప్పు మీద పడిన ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. అహ్మదాబాదు బస్తీల్లో మహిళా హౌసింగ్ ట్రస్టు ఆడవాళ్లతో కలిసి కప్పులకు తెల్లరంగు వేయించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది.

స్లాబు ఊడ్చి, కడిగి, తడి ఆరకముందే సాయంత్రం పూట వేయాలి. చల్లారిన సున్నాన్ని వడగట్టి పాల మాదిరి కలిపి, కొంచెం ఫెవికాల్ వేసి రెండు పూతలు. రాళ్ల సున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, పిల్లలు దగ్గర ఉండొద్దు, కళ్లు జాగ్రత్త. ఇనుప రేకుల మీద సున్నం నిలవదు, కప్పులకు వేసే తెల్ల పెయింటు వేయాలి. సిమెంటు రేకులను గీకొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వానలకు సున్నం పోతుంది, మళ్లీ ఉగాదికి ముందు వేసుకోవాల్సిందే.

ఇక మన పని. ఇంటి అప్పు తీర్మానం రాసేటప్పుడు "మిద్దెకు ఏం చేస్తావమ్మా" అని అడిగి, జవాబు మినిట్స్‌లో రాద్దాం. ఫిబ్రవరిలో ప్రతి సంఘం సున్నం కలిపి కొని, పది ఇళ్లకూ కలిసి వేద్దాం. అద్దె ఇంట్లో ఉన్న అక్కతో పాటు ఇద్దరం ముగ్గురం పోయి ఇంటామెతో మాట్లాడదాం. ఒంటరి ఆడోళ్లు, మిద్దె ఎక్కలేని అవ్వల ఇళ్లకు ముందు వేయాలి. దానికి సంఘం డబ్బుతో ఒక గట్టి నిచ్చెన కొనడానికి ఈరోజే తీర్మానం చేయమని కోరుతున్నాం.