సాక్ష్యం లేని మా తాత
(మార్చి నెల అమరుల యాది సభలో చేసిన ప్రసంగం)



1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్ రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళ సభ్యులు పోరాడి ప్రాణాలిచ్చిన్రు. ప్రభాకర్ రావు దేశ్‌ముఖ్ ఇంట్ల పుట్టినోడు, తిండికి కొదవ లేదు. అయినా ఊరూరా పటేల్ పట్వారీల దస్త్రాలు కాలవెట్టించిండు. రైతు మెడకు ఉరి ఆ దస్త్రాల్లనే ఉండె. ప్రతి ఏడూ వాళ్ల స్తూపానికి దండ వేస్తం. ఇయ్యాల మాత్రం స్తూపం మీద పేరు లేని మనిషి గురించి చెప్త. ఆయన మా తాత.

తాత తుపాకి పట్టలే. రాత్రిపూట దళానికి జొన్నరొట్టెలు మోసిండు, చీటీలు అందించిండు. పోలీసులు ఊరి మీద పడ్డంక నాలుగు నెలలు గుట్టల్ల తలదాచుకున్నడు. ఆ రొట్టెలు చేసింది మా నానమ్మ.

నా చిన్నతనంల మాకు రెండెకరాల చెల్క, మోటబాయి కింద కొద్దిగ పొలం ఉండె. వానకాలం ముందట సావుకారి దగ్గర అప్పు, పంట రాంగనే కల్లంలనే కొలిచిచ్చుడు. మా అవ్వకు సదువు రాదు. ఎన్ని కుంచాలు కొలిచిందీ గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేది. సావుకారి బుక్కుకు, అవ్వ గీతలకు ఎన్నడూ పొత్తు కుదరలే. ప్రతిసారి బుక్కే గెలిచింది.

1972ల స్వాతంత్ర్యానికి 25 ఏండ్లయినప్పుడు కేంద్రం యోధులకు నెలకు 200 రూపాయల పింఛను మొదలువెట్టింది. 1980ల దానికి సమ్మాన్ అని పేరు వెట్టిన్రు. నేను పదో తరగతి పాసైనంక తాత దరఖాస్తు నేనే రాసిన. అజ్ఞాతంల ఉన్నోళ్లు ఆరు నెలలకు పైన ఉన్నట్టు, తమ మీద వారెంటో, తలకు వెలనో ఉన్నట్టు చూపాలె. తిరిగేటందుకు బాపు లేగదూడను అమ్మిండు. ఒక దళారి వచ్చి, వచ్చే పైసల్ల సగమిస్తే ఆరు నెలల సాక్ష్యం పుట్టిస్తనన్నడు. తాత ఒప్పుకోలే. "తిరిగింది నాలుగు నెలలు. చచ్చినోళ్ల పేరు మీద అబద్ధమాడి అన్నం తినాల్నా?" అన్నడు.

బాపు ఆయనతోని చాన్నాళ్లు మాట్లాడలే. అప్పు మీద వడ్డీ పెరుగుతుంటే నాకూ తాత మీద కోపమే వచ్చింది. ఆయన ఆ కాగితం లేకుండనే పోయిండు. నానమ్మ పేరు రాసేటందుకైతే ఆ దరఖాస్తుల గడే లేదు.

ఈ ముచ్చట ఇయ్యాల ఎందుకంటే, మన కౌలు రైతు సుత తాత లెక్కనే నిలబడ్డడు. 2011ల కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. ఆ కార్డు మీ ఊర్ల ఎంతమంది చేతుల ఉన్నదో లెక్కవెట్టున్రి. 2018ల రైతుబంధు వచ్చింది, అప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలుండె. అది పట్టాదారుకే ఇచ్చిన్రు. రైతుబీమా 5 లక్షలు సుత పట్టా పేరు మీదనే. దున్నినోడు అప్పుతోని చస్తే ఇంటోళ్లకు ఆ బీమా రాదు. కాగితం లేదు కాబట్టి ఆయన రైతే కాదట.

మరి దారి లేదా? ఉన్నది. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీం నేలకొరిగిండు. ఆదిలాబాద్ అడవుల్ల భూమి మీద హక్కు కోసం కొట్లాట ఆ తర్వాత సుత ఆగలే. 2006 అటవీ హక్కుల చట్టం ఎట్ల అమలైతున్నదనేది వేరే పంచాయితి. కానీ దాని నియమాల్ల ఊరి పెద్దలు చెప్పి రాయించిన మాట సుత సాక్ష్యమే, దాన్ని ముందుగాల పరిశీలించేది గ్రామసభనే. అడవిల పనికొచ్చిన పద్ధతి మైదానంల ఎందుకు పనికిరాదు? ఎవరి చేను ఎవరు దున్నుతున్నరో ఊరికి తెల్వదా?

అందుకే వచ్చే గ్రామసభల ఒక్క పని చేద్దాం. ప్రతి ఊర్ల కౌలు రైతుల పేర్లు, సర్వే నంబర్లు, వేసిన పంట రాసి, పక్క చేన్ల రైతులతోని సంతకాలు, వేలిముద్రలు వెట్టించి తీర్మానం చేయిద్దాం. ఆడోళ్లు దున్నితే ఆడోళ్ల పేరే రాద్దాం. ఆ కాపీ తహసీల్దారుకు, వ్యవసాయ అధికారికి ఇచ్చి రసీదు తీసుకుందాం. పట్టాదారులు భయపడొద్దు, మనం అడిగేది పంట మీద హక్కు, పట్టా కాదు.

అమరులకు దండలు వేద్దాం. దాంతోపాటు, దున్నినోని మాటను నమ్మే రోజు సుత తెద్దాం.