కుందేలు కాళ్ల కింద ఏం పరవాలి?

కుక్కకీ పిల్లికీ అరికాళ్లలో మెత్తలుంటాయి. కుందేలుకి అవి లేవు. ఒత్తైన బొచ్చే దానికి చెప్పు. అందుకే అడుగున ఇనుప జాలీ ఉన్న పంజరం దానికి శిక్ష. బరువంతా సన్నని తీగల మీద పడి, వెనక మడమల దగ్గర బొచ్చు ఊడి, చర్మం ఎర్రబడి పుండవుతుంది. ముదిరితే ఎముక దాకా పోతుంది. పంజరం మార్చలేకపోతే జాలీ మీద రంగు వేయని చదునైన చెక్క పలక వేసి, పైన తుంగచాప గానీ ఎండుగడ్డి గానీ పరవండి. ప్లాస్టిక్ చాప వద్దు, కొరికి మింగేస్తుంది. నున్నటి టైల్స్ మన ఎండాకాలంలో చల్లగానే ఉంటాయి కానీ కాళ్లు జారతాయి. పడుకోవడానికి ఒక మూల మాత్రం అలా వదిలితే చాలు.

ఇక మలమూత్రాల ట్రే సంగతి. కుందేలు తన మూలను తనే ఎంచుకుంటుంది. మనం చూపిన చోటికి అది రాదు, ట్రేనే అక్కడికి జరపాలి. తింటూనే విసర్జించడం దాని అలవాటు, అందుకని మేత గడ్డి ట్రే పక్కనే ఉండాలి. లోపల కాగితపు గుళికలో, చింపిన వార్తాపత్రికో వేయండి. తడి తగిలితే గడ్డకట్టే పిల్లుల మట్టి మాత్రం వాడకండి; కడుపులోకి పోతే పేగులకు అడ్డం పడుతుంది. దేవదారు, పైన్ పొట్టు వాసన మనకు బాగుండొచ్చు, దాని కాలేయానికి మంచిది కాదు. మూత్రం నుంచి లేచే అమోనియా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కాబట్టి తడిసింది రోజూ తీసేయాలి. అడుగున తెల్లగా పేరుకునే సున్నం వెనిగర్‌తో వదులుతుంది.

ఈడొచ్చిన కుందేలు ట్రే మరిచి ఇల్లంతా తడుపుతుంటే తిట్టకండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి పశువైద్యుడిని అడగండి.